స్కూటర్ తాగేది బొగ్గేనా?

ప్రశ్న: మేం హైదరాబాద్ నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. మొత్తం 30 ఫ్లాట్లు. మావారు ఈమధ్య ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నారు. గ్యాస్ పొయ్యి తీసేసి ఇండక్షన్ స్టవ్‌కు మారదామని కూడా పట్టుబడుతున్నారు. దేశంలో సగం కరెంటు గ్రీనే అని పేపర్లో వచ్చిందంటారు. ఎదురు ఫ్లాట్ అంకుల్ మాత్రం, "పెట్రోల్ మానేసి నీ బండి బొగ్గు తాగుతోంది, అంతేగా" అని లిఫ్టులో కనపడినప్పుడల్లా ఎగతాళి చేస్తున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం? మా ఇంటికి కరెంటు అసలు ఎక్కడినుంచి వస్తోంది? కాస్త ఎక్కువ డబ్బు కట్టి సోలార్ కరెంటు మాత్రమే తెప్పించుకునే వీలుందా? మా డాబా మీద ప్యానెళ్లు పెడితే గిట్టుబాటవుతుందా? ఎండాకాలంలో మాకు నెలకు 300 యూనిట్ల దాకా కాలుతుంది.

సమాధానం: అమ్మా, మీవారు చదివిందీ నిజమే, అంకుల్ అన్నదీ చాలావరకు నిజమే. ఇద్దరూ రెండు వేర్వేరు లెక్కలు పట్టుకుని వాదించుకుంటున్నారు కాబట్టి తెగడం లేదు.

పేపర్లో వచ్చిన ఆ "సగం" అనేది స్థాపిత సామర్థ్యం లెక్క. అంటే దేశంలో ఉన్న కరెంటు కేంద్రాలన్నీ ఒకేసారి పూర్తిగా నడిస్తే ఎన్ని మెగావాట్లు వస్తాయో కూడి, అందులో బొగ్గు, గ్యాస్ లాంటివి కానివి ఎంతో చూడటం. 2025 జూన్ నాటికి ఆ వాటా సగానికి చేరింది. గొప్ప సంగతే. కానీ సోలార్ ప్యానెల్ రాత్రి పని చేయదు, మబ్బు పడితే సగం కూడా ఇవ్వదు. 100 మెగావాట్ల సోలార్ పార్కు ఏడాది పొడుగునా సగటున ఇచ్చేది 20 మెగావాట్ల చిల్లర. అదే 100 మెగావాట్ల బొగ్గు కేంద్రం సగటున 70 దాకా ఇస్తుంది. కాబట్టి బోర్డు మీద రాసిన మెగావాట్లు కాకుండా మీటర్లో తిరిగిన యూనిట్లు చూస్తే కథ మారిపోతుంది. దేశం మొత్తంమీద ఇవాళ్టికీ ప్రతి నాలుగు యూనిట్లలో దాదాపు మూడు బొగ్గు నుంచే వస్తున్నాయి. అంకుల్‌గారు ఆ మూడింటి గురించి మాట్లాడుతున్నారు.

ఇక మీ ఇంటికి ఎక్కడినుంచి వస్తోందంటే, మీ సందు చివర ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్దాం. దానికి 11 కేవీ, అంటే 11,000 వోల్టుల ఫీడర్ లైన్ వస్తుంది. ఆ ఫీడర్ మీ ఏరియా 33 కేవీ సబ్‌స్టేషన్‌లో పుడుతుంది. దానికి కరెంటు 132 కేవీ, 220 కేవీ సబ్‌స్టేషన్ల నుంచి, వాటికి ఊరు చుట్టూ ఉన్న 400 కేవీ సబ్‌స్టేషన్ల నుంచి అందుతుంది. శంకర్‌పల్లి, గజ్వేల్, మామిడిపల్లి, మహేశ్వరం లాంటి చోట్ల పొలాల మధ్య పెద్ద పెద్ద టవర్లు గుంపుగా కనిపిస్తాయే, అవే. ఇక్కడిదాకా అంతా దారే. కరెంటు పుట్టేది ఇంకా దూరాన.

ఒకప్పుడు అంత దూరం ఉండేది కాదు. 1920 నుంచి హైదరాబాద్‌కు కరెంటు హుస్సేన్‌సాగర్ ఒడ్డునే తయారయ్యేది. సింగరేణి బొగ్గు ఊళ్లోకి తెచ్చి కాల్చేవాళ్లు. ఇప్పుడు ఎన్టీఆర్ గార్డెన్స్, ఐమాక్స్ ఉన్న వైపు ఆ థర్మల్ స్టేషన్ ఉండేది. నగరం వాడుకునే కరెంటు పొగ నగరమే పీల్చేదన్నమాట. ఆ స్టేషన్ మూతపడి, కూల్చేశాక మన పొగ మన కంటికి కనపడటం మానేసింది. పోయిందని కాదు, పాల్వంచకో రామగుండానికో తరలింది.

ఇవాళ మన వాటాకు వచ్చే కరెంటులో పెద్ద భాగం గోదావరి, కృష్ణా ఒడ్డున ఉన్న బొగ్గు కేంద్రాలది. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్, భూపాలపల్లి దగ్గర చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ, మణుగూరు వైపు 1,080 మెగావాట్ల భద్రాద్రి, మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి సొంత కేంద్రం 1,200 మెగావాట్లు, రామగుండంలో ఎన్టీపీసీ పాతది 2,600, పక్కనే కొత్తగా వచ్చిన 1,600. పాత రామగుండం కేంద్రం దక్షిణాది రాష్ట్రాలన్నిటిదీ, కొత్తదాంట్లో 85 శాతం తెలంగాణకే. వీటికి తోడు నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 5 యూనిట్లతో (ఇక్కడ యూనిట్ అంటే కరెంటు తీసే యంత్రం) 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రం. 2024 చివరి నుంచి అందులో యూనిట్లు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. బొగ్గు కేంద్రాలన్నీ ఒకటే అనుకోకండి. 800 మెగావాట్ల కొత్త యూనిట్లు సూపర్ క్రిటికల్ రకం, అదే యూనిట్ కరెంటుకు కొంచెం తక్కువ బొగ్గు తింటాయి. భద్రాద్రిలోని 270 మెగావాట్లవి పాత పద్ధతివి, ఎక్కువ తింటాయి. కొత్తగూడెంలో ఎప్పుడో కట్టిన యూనిట్లు ఆపేసి, వాటి కూలింగ్ టవర్లు 8 ఒకేసారి పేల్చి పడగొట్టింది 2024 ఆగస్టులోనే.

బొగ్గు కానివాటిలో మనకు మొదట చెప్పుకోవాల్సింది నీళ్లు. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రం 900 మెగావాట్లు, నాగార్జునసాగర్ 815, జూరాల పైనా కిందా కలిపి 470 పైచిలుకు, పులిచింతల 120. చిన్నాచితకా అన్నీ కలిపితే ప్రభుత్వ కరెంటు తయారీ సంస్థ తెలంగాణ జెన్‌కో చేతిలో ఉన్న జలవిద్యుత్తు సుమారు 2,440 మెగావాట్లు. గ్రీన్ అంటే ఎవరికీ హాని లేనిదని మాత్రం అనుకోవద్దు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో మంటలు చెలరేగి 9 మంది చనిపోయారు.

తర్వాత సోలార్. మన రాష్ట్రంలో అది మహబూబ్‌నగర్, మెదక్ లాంటి జిల్లాల్లో సబ్‌స్టేషన్ల పక్కన చిన్న చిన్న ప్లాంట్లుగా పరుచుకుని ఉంటుంది. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల ప్లాంటు కూడా 2022 నుంచి నడుస్తోంది. గాలిమరలు మనకు లేవనే చెప్పాలి, మొత్తం 130 మెగావాట్లు కూడా దాటవు. కైగా, కల్పాక్కం అణు కేంద్రాల నుంచి మన వాటా కొంత వస్తుంది. జవహర్‌నగర్‌లో మన చెత్తే కాల్చి కరెంటు తీస్తున్నారు. 2020లో 19.8 మెగావాట్లతో మొదలైంది. దాన్నీ కాగితాల మీద పునరుత్పాదక ఖాతాలోనే రాస్తారు. చెత్త కుప్పగా పడి ఉండటంకన్నా నయమే గానీ, తడి చెత్త, ప్లాస్టిక్ కలిపి పంపి గ్రీన్ కరెంటు అని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

ఇవన్నీ మీ స్విచ్ దగ్గరికి విడివిడిగా రావు. మన ఊరి నల్లా నీళ్లే చూడండి. మంజీరా, కృష్ణా, గోదావరి మూడూ వస్తాయి. మీ బిందెలో పడ్డది ఏ నదిదో ఎవరు చెప్పగలరు? కరెంటు కలయిక ఇంకా పెద్దది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్ కలిపాక దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకటైపోయింది. అప్పటినుంచి కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా కేంద్రాలన్నీ సెకనుకు 50 సైకిళ్ల లయతో కలిసి తిరుగుతున్నాయి. కరెంటు నిల్వ ఉండే సరుకు కాదు. మీరు గీజర్ వేసిన క్షణంలోనే ఎక్కడో ఒక కేంద్రం ఆ మేరకు పెంచాలి. పెంచకపోతే ఆ లయ, అంటే ఫ్రీక్వెన్సీ, 50 నుంచి కిందికి జారుతుంది. ఖైరతాబాద్ విద్యుత్ సౌధలో లోడ్ డిస్పాచ్ సెంటర్‌వాళ్లు గోడ మీద ఆ అంకెను 24 గంటలూ చూస్తూ కూర్చునేది అందుకే. 49.90కి 50.05కి మధ్య ఉంటే ఊపిరి పీల్చుకుంటారు.

కాబట్టి "నాకు సోలార్ కరెంటు మాత్రమే పంపండి" అని వైర్ ద్వారా తెప్పించుకోవడం కుదరని పని. డబ్బు లెక్కలో మాత్రం కుదురుతుంది. 2022లో కేంద్రం తెచ్చిన గ్రీన్ ఓపెన్ యాక్సెస్ నిబంధనల ప్రకారం 100 కిలోవాట్లు, అంతకు మించి లోడ్ ఉన్నవాళ్లు నేరుగా సోలార్, పవన కంపెనీలతో ఒప్పందం చేసుకోవచ్చు. హైటెక్ సిటీలో ఆఫీసులు "మేం పూర్తిగా గ్రీన్" అని బోర్డు పెట్టుకునేది సాధారణంగా ఇలాంటి ఒప్పందాలతోనూ, యూనిట్లకు బదులుగా అమ్మే సర్టిఫికెట్లతోనూ. వాళ్ల కట్టడంలోకి వచ్చే కరెంటు, పక్కన మిర్చిబజ్జీల బండి బల్బులో వెలిగే కరెంటు ఒక్కటే. ఒకళ్లు డబ్బు ఎక్కడికి పంపుతున్నారో మారిందంతే. అది పనికిమాలిందని అనను, ఆ డబ్బుతో కొత్త ప్లాంటు లేస్తే మంచిదే. మీ 5 కిలోవాట్ల ఇంటి మీటర్‌కు మాత్రం ఆ దారి లేదు.

మీ మీటర్ అన్నాను కాబట్టి ఒకసారి దాని దగ్గరికి వెళ్లి చూడండి. చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది. పక్కన 3200 అని గానీ 1600 అని గానీ అచ్చేసి ఉంటుంది. 3200 అని ఉంటే లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. బొగ్గు కేంద్రంలో ఒక యూనిట్ తీయడానికి మన దేశంలో 650 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలి. అంటే బొగ్గు కరెంటు వస్తున్నప్పుడు ఒక్కో మెరుపు వెనక చిటికెడు బొగ్గు, 0.2 గ్రాములు. ఏసీ వేసి మళ్లీ చూడండి, ఆ లైటు పరుగు మీకే తెలుస్తుంది. ఇంట్లో పిల్లలుంటే చూపించండి, స్కూల్లో చెప్పే పాఠంకన్నా బాగా ఎక్కుతుంది. మన బొగ్గులో బూడిద కూడా జాస్తి, మూడో వంతు దాకా ఉంటుంది. ఆ బూడిదలో కొంత సిమెంటులోకి, ఇటుకల్లోకి పోతుంది. ఈమధ్య కట్టిన అపార్ట్‌మెంట్ అయితే మీ గోడల్లోనే ఏ రామగుండం బూడిదో ఉండి ఉంటుంది.

బొగ్గూ నీళ్లూ ఎండా అన్నీ కలిపి సగటు తీస్తే దేశ గ్రిడ్‌లో ఒక యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఇది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా వేసే లెక్క. మీ 300 యూనిట్లకు నెలకు 210 కిలోలు. ఈ సగటు మీకు అసలు సంగతి దాచిపెడుతుంది. యూనిట్ ఎంత గ్రీన్ అన్నది ఎక్కడినుంచి వచ్చిందన్నదానికంటే ఎప్పుడు వాడారన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

ముందు రుతువులు చూద్దాం. ఆగస్టు, సెప్టెంబరుల్లో "శ్రీశైలం గేట్లు ఎత్తారు" అని టీవీలో పొద్దస్తమానం చూపిస్తారు చూడండి, ఆ రోజుల్లో జూరాల నుంచి సాగర్ దాకా టర్బైన్లన్నీ నిండుగా తిరుగుతుంటాయి. ఊళ్లో చల్లగా ఉంటుంది, ఏసీలు ఆగిపోతాయి, వానలు పడుతుంటే రైతుల మోటార్లు కూడా తగ్గుతాయి. ఏడాదిలో మనకు మెరుగైన కరెంటు అందేది అప్పుడు. మార్చికి వచ్చేసరికి పూర్తిగా తారుమారు. యాసంగి వరి పొట్ట దశలో ఉంటుంది, బోర్లు ఆగవు, ఎత్తిపోతల పంపులు నడుస్తుంటాయి, ఇటు నగరంలో ఏసీలు మొదలవుతాయి. 2025 మార్చిలో రాష్ట్ర డిమాండ్ 17,000 మెగావాట్లు దాటింది. అప్పటికి ప్రాజెక్టుల్లో నీళ్లు అడుగంటుతుంటాయి, ఉన్నవి తాగడానికీ సాగుకీ దాచుకోవాలి. అప్పుడు బరువంతా బొగ్గు మీదే.

ఇక రోజులో గంటలు. ఎండ బాగా కాసే మధ్యాహ్నం దేశం వాడకంలో నాలుగో వంతు దాకా సోలార్ మోస్తుంది. ఆ సమయంలో బొగ్గు కేంద్రాలను తగ్గించి నడపమంటారు. కరెంటువాళ్ల భాషలో బ్యాకింగ్ డౌన్. పూర్తిగా ఆపలేరు, బాయిలర్ చల్లారితే మళ్లీ వేడెక్కించడానికి గంటలు పడుతుంది. అందుకని సామర్థ్యంలో 55 శాతం దాకా దించి, అక్కడ నిలబెడతారు. సాయంత్రం ఐదున్నర తర్వాత ఎండ వాలుతుంది, ఇళ్లలో లైట్లూ టీవీలూ ఏసీలూ వెలుగుతాయి. రెండూ ఒకేసారి. ఆ రెండు గంటల్లో దించిన కేంద్రాలన్నింటినీ పరుగున మళ్లీ ఎక్కించాలి. చాలకపోతే శ్రీశైలంలో నీళ్లు వదలాలి, అదీ చాలకపోతే కరెంటు అమ్మకాలు, కొనుగోళ్లు జరిగే ఎక్స్‌ఛేంజీలో ఎంత రేటైనా పెట్టి కొనాలి. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా మీరు వాడే యూనిట్ రోజు మొత్తంలో మసిబారిన యూనిట్, ఖరీదైన యూనిట్ కూడా. మీ మామూలు మీటర్‌కు ఈ తేడా తెలియదు కాబట్టి మీ బిల్లులో కనపడదు. పగటి రేటు తక్కువ, రాత్రి రేటు ఎక్కువ ఉండాలని 2023లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. స్మార్ట్ మీటర్ పెట్టినచోట ఆ రోజు వస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది, చెప్పకపోతే అంకుల్‌గారు పట్టుకుంటారు. మధ్యాహ్నం మీరు వాషింగ్ మెషీన్ వేసినా, ఆ అదనపు కరెంటు కోసం సూర్యుడు ఎక్కువ కాయడు కదా. అప్పటికప్పుడు పెరిగేది చాలా రోజుల్లో ఏ రామగుండం యూనిటో. నిజమే. అయితే 55 శాతం దగ్గర అరకొరగా మండుతున్న బాయిలర్‌ను కాస్త పెంచితే అది యూనిట్‌కు తక్కువ బొగ్గు తింటుంది. సాయంత్రం అంత భారం తగ్గితే పాత కేంద్రాన్ని లేపాల్సిన అవసరం తగ్గుతుంది. పగటి కరెంటుకు గిరాకీ ఉంటేనే డిస్కంలు, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థలు, ఇంకో సోలార్ ఒప్పందానికి సిద్ధపడతాయి. కొన్నిచోట్ల పగలు సోలార్ ఎక్కువై, కొనేవాడు లేక ఆపేయాల్సిన పరిస్థితి ఇప్పటికే వస్తోంది. సాగర్‌లో టర్బైన్లను వెనక్కి తిప్పి పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి మళ్లీ వదిలే ఏర్పాటు ఉంది గానీ, అలాంటివి దేశం మొత్తంలో ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, మోటార్, గ్రైండర్ పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు లోపు కానిచ్చేయండి. మీకు రూపాయి మిగలదు, పని మాత్రం జరుగుతుంది.

స్కూటర్ సంగతికి వద్దాం. అంకుల్‌గారికి లెక్క చెప్పండి. మామూలు పెట్రోల్ స్కూటర్ లీటరుకు 45 వస్తుందనుకుంటే 100 కిలోమీటర్లకు 2.2 లీటర్లు. లీటర్ పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. మొత్తం 5 కిలోలు. ఎలక్ట్రిక్ స్కూటర్ 100 కిలోమీటర్లకు చార్జర్ వృథాతో కలిపి మూడు, మూడున్నర యూనిట్లు తీసుకుంటుంది. 0.7 చొప్పున రెండున్నర కిలోలు కూడా దాటదు. లైన్లలో పోయే కరెంటు కలిపినా మూడు లోపే. అంటే బొగ్గే తాగుతోందని ఒప్పుకున్నా పెట్రోల్ బండికంటే చాలా తక్కువ పొగ. పైగా కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర వెనక నిలబడ్డవాడి మొహాన కొట్టదు. దామరచర్లవాళ్ల మొహాన కొడుతుంది కదా అంటే, అవును, కొడుతుంది. ఆ ప్రశ్న మనకు ఎప్పుడూ ఉండాలి. మీవారు ఆఫీసు పార్కింగ్‌లో పగలు చార్జింగ్ పెట్టుకునే వీలుంటే అడిగి చూడమనండి. లేదా ఆదివారం మధ్యాహ్నం పెట్టండి. కనీసం రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చీ రాగానే గుచ్చకుండా, పడుకునేముందు పెట్టమనండి.

ఇండక్షన్ విషయంలో మాత్రం మీవారితో నేను ఏకీభవించను. 14.2 కిలోల సిలిండర్ మొత్తం కాలితే 42 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్. అంతే వంట ఇండక్షన్ మీద చేస్తే సుమారు 125 యూనిట్లు పడుతుంది. 0.7 చొప్పున 87 కిలోలు, రెట్టింపు. బొగ్గును మండించి ఆవిరి చేసి, ఆవిరితో టర్బైన్ తిప్పి, 300 కిలోమీటర్లు వైర్లలో తెచ్చి మళ్లీ వేడిగా మార్చుకోవడంలో మూడింట రెండు వంతుల వేడి దారిలోనే పోతుంది. గ్యాస్‌ను మీ వంటింట్లోనే నేరుగా వెలిగిస్తున్నారు. స్కూటర్‌కు లాభమైంది పొయ్యికి ఎందుకు కాలేదంటే, పెట్రోల్ ఇంజిన్ వృథా చేసేంతగా గ్యాస్ పొయ్యి వృథా చేయదు. ఖర్చు కూడా చూసుకోండి. ఇప్పటి స్లాబుల్లో 300 దాటాక యూనిట్ 9 రూపాయలు, మీ వంట కరెంటంతా ఆ మెట్టులోనే పడుతుంది. వంటింట్లో వేడి తగ్గుతుందనో, పొగ పడదనో ఇండక్షన్ కొనుక్కుంటే అది వేరే మాట, దానికి నేనూ ఒప్పుకుంటాను. మధ్యాహ్నం అన్నం, పప్పు దాని మీద పెట్టుకోండి. గ్రిడ్‌లో బొగ్గు వాటా సగానికి పడిపోయిన రోజున మొత్తం మారొచ్చు.

ఫ్యాన్ల మీద మాత్రం ఆలోచించక్కర్లేదు. పాత ఫ్యాన్ 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చిల్లర. రోజుకు 12 గంటలు తిరిగే ఫ్యాన్ ఒక్కటి మారిస్తే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. రాత్రిపూట తిరిగేవి ముందు మార్చండి. ఏసీ 24 నుంచి 26కు పెంచి ఫ్యాన్ వేసుకుంటే కంప్రెసర్ వాడకం పదో వంతు పైనే తగ్గుతుంది, అదీ సరిగ్గా ఆ మసి గంటల్లో.

ఇక డాబా. ఇక్కడే మీకు అసలైన అవకాశం ఉంది. ఒక కిలోవాట్‌కు 100 చదరపు అడుగులు కావాలి. నీడ పడకూడదు. నీళ్ల ట్యాంకు, లిఫ్ట్ గది, సెల్ టవర్, పక్కన లేచిన కొత్త తొమ్మిదంతస్తులు, వీటి నీడ పొద్దున పదికి, మధ్యాహ్నం మూడుకు ఎక్కడ పడుతుందో డిసెంబరులో ఒకసారి సుద్దతో గీసుకోండి. డిసెంబరు నీడే పొడుగ్గా ఉంటుంది. ప్యానెల్ మీద మూల నీడ పడితే ఆ ప్యానెల్ ఒక్కటే కాదు, దానితో వరసగా కలిపినవన్నీ కుంటుతాయి. మన ఊళ్లో ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది. నెలకోసారైనా దుమ్ము కడగకపోతే ఇవ్వదు. వాచ్‌మన్ కుటుంబానికి ఆ పనికి వేరే డబ్బు ఇవ్వండి, ఊరికే చేయమనకండి.

ఫ్లాట్ ఫ్లాట్‌కూ విడివిడిగా కాకుండా కామన్ మీటర్‌కు పెట్టుకోండి. లిఫ్టు, బోరు మోటార్, మెట్ల లైట్లు, రేపు పార్కింగ్‌లో చార్జింగ్ పాయింట్లు. 10 కిలోవాట్లు పెడితే ఏడాదికి 14,000 యూనిట్లు, 10 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ తప్పుతుంది. మోటార్‌ను పగలు నడిపితే ఆ కరెంటు డాబా మీద నుంచి నేరుగా బోరులోకి పోతుంది. మిగిలింది నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌లోకి వెళ్లి మీ లెక్కలో జమ అవుతుంది. సొంత ఇళ్లవాళ్లకు పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 దాకా సబ్సిడీ అని విన్నారేమో. నివాస సంఘాల కామన్ అవసరాలకు కిలోవాట్‌కు 18,000 చొప్పున అదే పథకంలో ఉంది.

ఒక సంగతి ఏజెంటు చెప్పడు. కరెంటు పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది, ఎండ మండిపోతున్నా సరే. "ఇంత ఖర్చు పెట్టాక మళ్లీ జనరేటరేనా" అని చాలామంది గొడవపడతారు. అది లోపం కాదు, లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు. ఫీడర్ ఆపించి, ఎల్‌సీ (లైన్‌లో కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకుని అతను స్తంభం ఎక్కుతాడు. ఆ సమయంలో మీ ప్యానెళ్లు కరెంటు బయటికి తోస్తే అది మీ సందు ట్రాన్స్‌ఫార్మర్‌లో వెనక్కి ఎక్కి 11,000 వోల్టులుగా అతని చేతికి తగులుతుంది. అందుకే గ్రిడ్ చచ్చిందని తెలిసిన వెంటనే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీతో ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టుకోవాలి, దాని ఖరీదు వేరు. దీన్ని దాటవేస్తామని ఎవడైనా మెకానిక్ అంటే అతన్ని గేటు దగ్గరే పంపేయండి.

సంఘం మీటింగ్‌కు వెళ్లేటప్పుడు కామన్ మీటర్ గత 12 నెలల బిల్లులు, డాబా కొలతలు, ఆ నీడ గీతల ఫోటో తీసుకెళ్లండి. కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ అడగండి, యూనిట్లు తగ్గితే ఎవరు బాధ్యులో కాగితం మీద రాయించుకోండి. డాబా ఎవరిదన్న వివాదం మీ బిల్డర్‌తో ఏదైనా ఉంటే ముందు అది తేల్చుకోవాలి, దరఖాస్తులో అడుగుతారు. ఎదురు ఫ్లాట్ అంకుల్‌గారిని కమిటీలో వేయండి. అంత పట్టుగా లెక్కలడిగే మనిషి ఒకరుంటే కాంట్రాక్టరు దారిలో ఉంటాడు.